తోక లేని జవాబు

కొట్లో మనిషి కూర్చుని ఉండగానే కొట్టుకు కొలతలు తీయడం కోతల తాత తన జన్మలో చూడలేదు. తను చూడని వింత ఈ భూమ్మీద లేదని వీధి వీధంతా చాటుకునే మనిషి ఆయన. అలాంటిది, ఆ వింత తనంతట తానే నడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చేసరికి పళ్ళ మధ్య పట్టుకున్న దారం అలాగే ఉండిపోయింది.

ఒళ్ళో ఓ నల్ల గొడుగు తెరిచి ఉంది. చువ్వ కొసన ఊడిపోయిన గుడ్డను లాగి, సూది దూర్చి, ముడి వేస్తున్నాడు. గొడుగు ఆయుష్షంతా ఆ ముడిలోనే ఉంటుంది. వదులైతే మొదటి గాలికే గుడ్డ లేచిపోతుంది, మరీ బిగిస్తే చిరిగిపోతుంది. టేపు పట్టుకున్న మనిషి ఆ గొడుగు మీంచే ఒంగి, టేపు కొసను గోడకు ఆనించాడు.

"పెద్దాయనా, కొంచెం కాలు తీస్తారా?"

"ఏ కాలు నాయనా? ఎడమది తీస్తే నీకు గోడ దొరుకుతుంది. కుడిది తీస్తే గుమ్మం దొరుకుతుంది. రెండూ తీస్తే నేనే దొరకను."

టేపు మనిషి నవ్వలేదు. చెవిటివాడితో మాట్లాడినట్టు గట్టిగా, చంటిపిల్లవాడితో మాట్లాడినట్టు మెల్లిగా, రెండూ కలిపి ఒకేసారి మాట్లాడాడు. "మీ మేనల్లుడుగారు పంపారండీ. ఇక్కడ ఫోన్ల షాపు పెడుతున్నాం. మీకు... అదే... తలలో బాగుండటం లేదటగా. పాపం, ఆయన చాలా బాధపడుతున్నారు."

తాత దారం కొరికి తెంపాడు.

"అయితే నన్ను కూడా కొలుచుకో. నేను అడ్డంగా పడుకుంటే నీ షాపు ఎంత ఇరుకవుతుందో లెక్క తేలాలి కదా."

ఆయన అన్నది హాస్యానికే. టేపు మనిషి మాత్రం జాలిగా తల పంకించి, అంకెలు ఫోనులో కొట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నమే కోర్టు నోటీసు వచ్చింది. తాత దాన్ని పక్క కొట్లో ఇస్త్రీ ఆవిడ దగ్గరికి పట్టుకెళ్ళాడు. చిన్న అక్షరాలు ఈ మధ్య తన కళ్ళకు చీమల్లా పాకుతున్నాయి. ఆవిడ ఇస్త్రీ పెట్టె నిలబెట్టి, చెయ్యి చీరకు తుడుచుకుని, పెదాలు కదుపుతూ చదివింది. చదువుతున్నకొద్దీ కనుబొమలు పైకి పోయాయి.

"బాబాయ్, నీకు పిచ్చట!"

"కొత్త సంగతేముంది? నువ్వు రోజూ అంటూనే ఉంటావుగా."

"నేననడం వేరు. ఇది కోర్టులో వేశాడు నీ మేనల్లుడు. నీకు మతి స్థిమితం తప్పిందట. ఉన్నదేదో లేనిదేదో తెలియడం లేదట. ఇకమీదట నువ్వెక్కడ ఉండాలో, ఏం చేయాలో, ఎక్కడ సంతకం పెట్టాలో అన్నీ తనే చూసుకుంటాడట. దానికి డాక్టరు రాసిందే సాక్ష్యమట." ఆవిడ కాగితం దించి ఆయన ముఖంలోకి చూసింది. "ఆ మధ్య భుజం కమిలి ఆస్పత్రికెళ్ళావే, అప్పుడు గాలికి ఎగిరి పడ్డానని చెప్పావా డాక్టరుతో?"

"చెప్పాను. డాబా మీద గొడుగు పట్టుకుని నిలబడ్డాననీ, గాలి లేవదీసిందనీ, మార్కెట్టు మీదుగా పోయి గడియారం స్తంభాన్ని ఓ చుట్టు చుట్టి, దిగేటప్పుడు కాస్త తొందరపడ్డాననీ."

"నవ్వాడా?"

"రాసుకున్నాడు."

ఆవిడ నవ్వబోయి ఆగిపోయింది. తాత కూడా నవ్వలేదు. ఇస్త్రీ పెట్టె కింద నుంచి సన్నగా వేడి వాసన వస్తోంది.

"నన్నో మాట అడగలేదే వీడు," అన్నాడు తాత. 

మర్నాడు ఆవిడ కొట్టు మూసి మరీ ఆయన్ను పెద్దవాళ్ళకు ఉచితంగా న్యాయ సహాయం చేసే ఆఫీసుకు తీసుకెళ్ళింది. ఆఫీసంటే ఒక గది, ఒక ఫ్యాను, కాళ్ళు ఎగుడుదిగుడుగా ఉన్న బెంచీ, ఆ బెంచీ నిండా ముసలివాళ్ళు. లాయరమ్మ చిన్నదే. కళ్ళ కింద మాత్రం పెద్ద వయసు ఉంది. నోటీసు చదివి, ముందుగా ఇస్త్రీ ఆవిడను బయట కూర్చోమంది.

"ఎందుకమ్మా? మా బాబాయికి నేనంటే..."

"మీరు మంచివాళ్ళే అక్కా. కానీ ఈయన మాట ఈయన నోట వినాలి."

ఆవిడ గొణుక్కుంటూ బయటికి పోయింది. లాయరమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది.

"తాతగారూ, మీ మంచి కోరేవాళ్ళు చాలామంది ఉంటారు. నేను మీ మాట కోరేదాన్ని. మీకేం కావాలో అదే నేను కోర్టులో చెప్తాను. అది నాకు నచ్చకపోయినా సరే. చెప్పండి, మీకేం కావాలి?"

 తాత ఆ ప్రశ్న విని చాలా కాలమైంది. కొట్టుకు వచ్చేవాళ్ళు ఎప్పుడిస్తావని అడుగుతారు, మేనల్లుడు తిన్నావా అని అడుగుతాడు.

"నా కొట్లో నేనుండాలి," అన్నాడు. "పొమ్మంటే పోవాలి, అది సరే. కానీ పొమ్మనేది నేనై ఉండాలి."

ఆమె రాసుకుంది. "ఇది ఓడిపోతే ఏమవుతుందో కూడా దాచకుండా చెప్తాను. మీ పేరు మీద మీ మేనల్లుడు సంతకం పెడతాడు. కొట్టు అద్దెకివ్వాలన్నా ఆయనే, మిమ్మల్ని ఎక్కడ ఉంచాలన్నా ఆయనే. మీరు కాదన్నా ఆ కాదనడానికి విలువుండదు. అందుకని జడ్జిగారి ముందు మీరు తిన్నగా మాట్లాడాలి. ఇప్పుడు నన్నే జడ్జిననుకోండి. మీ వయసెంత?"

"ఏ లెక్కన తల్లీ? మా అమ్మ లెక్కనా, మా బడి పంతులు లెక్కనా? మా పంతులు హాజరు వేసేటప్పుడు నిద్రపోయిన రోజులన్నీ కొట్టేసేవాడు. ఆ లెక్కన నాకింకా మీసాలే రాలేదు."

"తాతగారూ!"

"డెబ్బై తొమ్మిది."

"అదీ! అక్కడ ఆగాలి. ఏం పని చేస్తారు?"

"గొడుగులు బాగుచేస్తాను. ఒకసారి ఏమైందంటే..."

లాయరమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "ఒకసారి ఏమీ కాలేదు. అడిగినదానికి జవాబు, అంతే. దానికి తోక తగిలించకూడదు. మీ మేనల్లుడు కోర్టుకు చూపించేది ఆ తోకనే. అర్థమైందా?"

"అర్థమైంది," అన్నాడు తాత. తోక ఉన్నట్టే ఉంది, నాలిక మీద మెదిలింది, మింగేశాడు. అంత చేదు మందు ఆయన ఎప్పుడూ మింగలేదు.

విచారణ ఇంకా వారం ఉంది. ఆ వారమంతా కొట్లో తోకలు కోసే పని సాగింది. ఇస్త్రీ ఆవిడ తన బల్ల దగ్గర నుంచే జడ్జిగా మారి, చొక్కా చొక్కాకూ ఒక ప్రశ్న వేసేది. తాత చువ్వలు వంచుతూ జవాబిచ్చేవాడు. తప్పితే ఆవిడ బల్ల మీద ఇస్త్రీ పెట్టె ఠప్పున కొట్టేది. వీధిలో పోయేవాళ్ళు ఉలిక్కిపడేవారు.

కష్టం కొట్టుకొచ్చేవాళ్ళతో వచ్చింది. తపాలా ఆఫీసులో పనిచేసే ఒకాయన పాత గొడుగు తెచ్చి, మీట నొక్కితే తెరుచుకోవడం లేదన్నాడు. తాత పిడి విప్పి, తుప్పు పట్టిన స్ప్రింగు తీసి, వేరేది వేసి, రెండుసార్లు తెరిచి మూసి ఇచ్చాడు.

"ఇదెన్నాళ్ళొస్తుంది తాతా?" అని ఆయన నవ్వడానికి సిద్ధంగా ముఖం పెట్టుకుని అడిగాడు. మామూలుగానైతే తాత నోట ఆ గొడుగు ఆయన మనవడి చేతిలో ఊతకర్రయి, ముని మనవడి చేతిలో గాలిపటమయ్యేది.

"రెండు వర్షాకాలాలు," అన్నాడు తాత.

ఆయన ఇంకొంచెంసేపు నిలబడ్డాడు. ఏమీ రాలేదు. గొడుగు చంకలో పెట్టుకుని, ఇస్త్రీ ఆవిడ దగ్గరికి వెళ్ళి గొంతు తగ్గించి, "పెద్దాయనకు ఒంట్లో ఎలా ఉంది?" అని అడిగాడు. మరుసటి రోజు పూలమ్మే ఆమె కూడా అలాగే అడిగింది. మందుల కొట్టాయన బలానికి ఏదో సీసా తెచ్చి ఇచ్చాడు. మతి ఉన్నట్టు మాట్లాడటం మొదలుపెట్టాకే తనకు మతి పోయిందని వీధిలో అనుమానం పుట్టిందని తాతకు తెలిసింది. చెప్పుకుంటే మంచి కథ అయ్యేది. చెప్పుకోవడానికే లేదు.

విచారణ ముందురోజు సాయంత్రం మేనల్లుడు వచ్చాడు. టైర్ల కొట్టు నడుపుతాడు. చేతుల గీతల్లో రబ్బరు నలుపు ఎప్పుడూ పోదు. కొట్టు వెనక గోడ వారగా పైగదికి పోయే నిటారు మెట్ల వంక ఓసారి చూసి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"మామయ్యా, నా మీద కోపంగా ఉన్నావా?"

"లేదు."

"నీ మంచికే కదా. మా ఇంట్లో గది సిద్ధం చేసింది మీ కోడలు. కొత్త పరుపు వేయించాం. నీకు వేళకింత ముద్ద, వేళకింత మందు. ఇక్కడ ఒక్కడివీ ఏమైపోతావోనని నాకు నిద్ర పట్టడం లేదు."

"అలాగా."

"ఆ గాలికి ఎగిరిన సంగతి నువ్వు చెప్తుంటే..." మేనల్లుడు అరచేతులు తొడల మీద రుద్దుకున్నాడు. "నాకు భయం వేసింది మామయ్యా. చిన్నప్పుడు నవ్వొచ్చేది. ఇప్పుడు భయం వేసింది."

తాత చేతిలో పట్టుకారు ఆగింది. అసలు సంగతి చెప్పాలనుకుంటే ఆ పూటే చెప్పి ఉండవచ్చు. కానీ వారం రోజులుగా నోటికి తాళం వేసుకున్న మనిషి. ఏది తోకో ఏది మొండెమో ఆయనకే పోల్చుకోవడం కష్టంగా ఉంది.

"అన్నం తిన్నావా?" అని మాత్రం అడిగాడు.

"తిన్నాను," అన్నాడు మేనల్లుడు. లేచి, గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి చూసి, వెళ్ళిపోయాడు.

కోర్టు అంటే తాత పెద్ద హాలు, సుత్తి, గొలుసులు ఊహించుకున్నాడు. ఇది చిన్న గది. కిటికీ పక్కన జడ్జిగారు కూర్చున్నారు, యాభై దాటిన ఆవిడ, జలుబు చేసినట్టుంది, మాటిమాటికీ చేతిరుమాలు ముక్కుకు ఆనించుకుంటున్నారు. ఇటు లాయరమ్మ, అటు మేనల్లుడూ అతని లాయరూ. వెనక బెంచీ మీద ఇస్త్రీ ఆవిడ ఒక్కతే ముగ్గురి జాగా ఆక్రమించి కూర్చుంది.

"మీ వయసెంతండీ?" అని జడ్జిగారు మర్యాదగానే అడిగారు.

తాత నోరు తెరిచాడు. పంతులు వచ్చి నాలిక మీద నిలబడ్డాడు. ఆయన్ను పంపేయడానికి కొంత సమయం పట్టింది.

"డెబ్బై తొమ్మిది."

"ఏం చేస్తుంటారు?"

మళ్ళీ ఆలస్యం. "గొడుగులు... బాగుచేస్తాను."

"ఈ రోజు ఏ వారం?"

తాత లాయరమ్మ వంక చూశాడు. ఆమె కళ్ళతోనే చెప్పండి అంది. దీనికి కూడా తోక ఉంది, వారాలకు పేర్లు పెట్టినవాడి గురించి మంచి తోక. "గురువారం," అన్నాడు చివరికి. నుదుటి మీద చెమట పట్టింది.

జడ్జిగారు ప్రతి ఆలస్యాన్నీ చూస్తున్నారు. పెన్ను కదులుతోంది. లాయరమ్మ ముఖం పాలిపోయింది. తను నేర్పిన పాఠమే ఆయన్ను ముంచుతోందని ఆమెకు అప్పుడు తట్టింది. లేచి ఏదో చెప్పబోయింది కానీ మేనల్లుడి లాయరు అప్పటికే లేచి నిలబడి ఉన్నాడు.

"ఆస్పత్రిలో మీరు గాలికి ఎగిరి పడ్డానని చెప్పారా?"

"చెప్పాను."

"ఎగిరారా?"

తాత మాట్లాడలేదు. లేదంటే మరి ఎలా పడ్డావని అడుగుతారు. ఆ జవాబు మేనల్లుడి ఎదురుగా ఇవ్వడం ఆయనకిష్టం లేదు. ఔనంటే కథ ముగిసినట్టే. కిటికీ బయట ఎవరో మోటారు సైకిలు స్టార్టు చేయడానికి తంటాలు పడుతున్నారు.

"చూశారుగా," అన్నాడు ఆ లాయరు. "ఇదొక్కటే కాదండీ. ఈయన చెప్పేవన్నీ ఇలాంటివే. మీరు చెప్పండి," అని మేనల్లుడి వైపు తిరిగాడు. "వరద సంగతి చెప్పండి."

మేనల్లుడు లేచి నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "మామయ్య ఏమంటాడంటేనండీ... ఓసారి ఏరు పొంగిందట. గొడుగు తిరగేసి నీళ్ళ మీద వేసి, అందులో కూర్చుని దాటేశాడట. ఊరికే కాదు, ఆవుతో సహా. ఆవును వెనకాల కూర్చోబెట్టుకుని..."

"ముందర," అన్నాడు తాత.

అందరూ అటు తిరిగారు. లాయరమ్మ కళ్ళు మూసుకుంది.

"వెనకాల కూర్చోబెడితే గొడుగు తలకిందులైపోదట్రా? బరువు ముందర ఉండాలి. పైగా అది ఆవు కాదు, గేదె."

"ఆవే!" అన్నాడు మేనల్లుడు. కోర్టులో ఉన్న సంగతి మరిచిపోయాడు. "నాకు బాగా గుర్తు మామయ్యా. తెల్లావు. మెడలో గంట. గంట మోగితే మొసలి పారిపోయింది."

"నీకు ఆవు. నీకప్పుడు గేదెలంటే భయం. కొమ్ములు చూస్తే చాలు, జ్వరం పట్టుకునేది. అందుకని నీ వరకు ఆవును చేశాను. గంట కూడా నీకోసమే కట్టాను. మొసలిని తెచ్చేశాక నువ్వు ఏడుపు లంకించుకున్నావు, దాన్ని పంపేయడానికి నాకింకేం దొరకలేదు. మీ అక్కకు మాత్రం గేదే. అదుగో, ఆ వెనక కూర్చుందే, ఇస్త్రీ ఆవిడ, ఆవిడకు ఏనుగు."

"నాకు ఏనుగెందుకు బాబాయ్?" అని బెంచీ మీంచి వినిపించింది.

"నీకు చిన్న అబద్ధం ఆనదమ్మా."

జడ్జిగారి చేతిరుమాలు ముక్కు దగ్గర నుంచి నోటి మీదికి వచ్చింది. కాసేపటికి దాన్ని తీసి, గొంతు సవరించుకున్నారు. "ఇంతకీ మీరు నిజంగా ఏరు దాటారా?"

"లేదండీ. నాకు ఈత రాదు. నీళ్ళు మోకాలి దాకా వస్తే కళ్ళు తిరుగుతాయి."

"ఎవరికి ఏ జంతువును చెప్పారో అన్నీ గుర్తేనా?"

"గుర్తుండకపోతే ఎలాగండీ? నిజం మర్చిపోతే ఎవరో ఒకరు అందిస్తారు. నేను అల్లింది నేను మర్చిపోతే దానికి దిక్కెవరు?"

ఈసారి జవాబు రావడానికి రెప్పపాటు కూడా పట్టలేదు. జడ్జిగారు పెన్ను కింద పెట్టారు.

"అయితే ఆస్పత్రిలో చెప్పింది ఎవరి కోసం అల్లారు? డాక్టరు కోసమా?"

తాత చొక్కా అంచు వేళ్ళ మధ్య మెలిపెట్టాడు.

"డాక్టరు నాకెవరండీ? వీడి కోసం. పక్కనే నిలబడి ఉన్నాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. వీడికి ఎదురుగా ఎలా పడ్డానో చెప్తే..." ఆగాడు. ఇది తోక కాదు, మొండెమే. దీన్ని కోయడానికి లేదు. "పైగది మెట్ల మీద కాలు జారిందండీ. పడ్డాను. లేవలేకపోయాను. పిలిచాను, ఎవరికీ వినపడలేదు. తెల్లారి పాలాయన వచ్చేదాకా అక్కడే పడి ఉన్నాను."

 మేనల్లుడు తన ఎదుటి బల్లను రెండు చేతులా పట్టుకున్నాడు.

"నాకెందుకు చెప్పలేదు మామయ్యా?"

"చెప్తే తీసుకుపోతావని."

లాయరమ్మ అప్పుడు లేచింది. గొంతు పెంచలేదు. మేనల్లుణ్ణి ఒక్కటే అడిగింది. "కొట్టు కొలవడానికి మనిషిని పంపారు. గదిలో పరుపు వేయించారు. కోర్టుకు వచ్చారు. వీటిలో దేనికైనా ముందు ఈయన్ను అడిగారా?"

మేనల్లుడు తన లాయరు వంక చూశాడు, నేల వంక చూశాడు. "అడిగితే ఒద్దంటాడు కదండీ," అన్నాడు. అని, తను అన్నది తనకే వినపడ్డట్టు తల దించుకున్నాడు.

జడ్జిగారు ఉత్తర్వు ఆ పూటే చెప్పారు. పెద్దాయన మతికి వచ్చిన లోటేమీ లేదు, వచ్చిందల్లా కాళ్ళకు. కాళ్ళు తడబడితే చెయ్యి అందించాలి గానీ నోరు లాక్కోకూడదు. అర్జీ కొట్టివేయబడింది. కొట్టు గురించి ఎవరితోనైనా ఏ మాటైనా జరిగి ఉంటే, పెద్దాయన తనంతట తాను ఒప్పుకుంటే తప్ప అది చెల్లదు. అంతా చెప్పి, కళ్ళజోడు తీసి, "మీకేమైనా సాయం కావాలంటే ఈ లాయరుగారి ద్వారా అడగండి," అన్నారు తాతతో.

"ఆలోచించుకుని చెప్తానండీ," అన్నాడు తాత.

ఆలోచన ఆదివారం దాకా సాగింది. ఆ రోజు పొద్దున్నే మేనల్లుడికి కబురు పంపాడు. నువ్వొకసారి రా, బలంగా తినేసి రా, అని. మేనల్లుడు అన్నీ వదిలేసి వచ్చాడు. గుమ్మంలోనే ఆగాడు. లోపలికి రావచ్చో లేదో తెలియనివాడిలా నిలబడి ఉన్నాడు.

"రారా, నిన్నెవరూ కొలవరులే," అన్నాడు తాత. "పైన మంచం ఉంది. అది కిందికి రావాలి. ఇకమీదట నేను కొట్లోనే పడుకుంటాను. పైగదిలో విరిగిన గొడుగులు పడుకుంటాయి, వాటికి మోకాళ్ళ నొప్పుల్లేవు."

మేనల్లుడు ఏదో అనబోయాడు. గదీ పరుపూ నోటి చివరిదాకా వచ్చాయి. మానేశాడు. చొక్కా చేతులు మడిచి, మెట్లెక్కాడు.

అది చెక్క మంచం, పాతకాలపుది, నలుగురు మోసే బరువు. ఇస్త్రీ ఆవిడ రెండో వైపు పట్టింది. ఒక్కో మెట్టూ దించుతూ ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు తిట్టుకున్నారు. "నీ వైపు లేపవయ్యా, టైర్లు ఎత్తే చేతులు అవేనా?" అని ఆవిడ. "నువ్వు తోస్తుంటే నేనెలా ఆపనక్కా?" అని ఇతను. ఇరుకు మెట్ల మలుపు దగ్గర మేనల్లుడు ఒక్క క్షణం ఆగి, కింద నేల ఎంత దూరంలో ఉందో చూశాడు. మళ్ళీ కదిలాడు. తాత కింద నిలబడి, అడ్డమొచ్చిన గొడుగులన్నీ పక్కకు జరిపాడు.

మంచం కొట్లోకి వచ్చింది. తాత చెప్పినట్టు గోడ వారగా వేశారు. ఆయన కూర్చుని, లేచి, తల అడ్డంగా ఊపాడు. "ఉహూ. తల గుమ్మం వైపు ఉండాలి." తిప్పి వేశారు. పడుకుని చూశాడు. ఎండ కంట్లో పడుతోందన్నాడు. మళ్ళీ ఎత్తారు.

"బాబాయ్, నా నడుం!" అంది ఇస్త్రీ ఆవిడ.

మేనల్లుడు మాత్రం దించలేదు. తన వైపు బరువు రెండు చేతులా పట్టుకుని, మెడ నరాలు ఉబ్బుతుంటే, మామయ్య ముఖంలోకి చూశాడు.

"నువ్వు చెప్పు మామయ్యా. ఎక్కడ వేయమంటావు?"

"ఉండరా," అన్నాడు తాత, కొట్టు నాలుగు మూలలూ తీరిగ్గా కలియజూసుకుంటూ. "కాస్త ఆలోచించుకోనీ."